చిన్న కారులో రియర్ ఫేసింగ్ సీటు: ఏది పడుతుంది, ఏది కొనాలి

చిన్న కారులో పిల్లల సీటును వెనక్కి తిప్పి బిగించగానే ముందు సీటును డ్యాష్‌బోర్డు వైపు జరపాల్సి వస్తుంది. ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లు గ్లవ్‌బాక్స్‌కి ఆనుకుంటాయి. నాలుగు రోజులు సర్దుకుంటారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ఏడాది నిండింది కదా, ఇక ముందుకు తిప్పేస్తే సరిపోతుందిగా?" బిడ్డ భద్రతలో ఎక్కువ భాగం ఆ ఒక్క నిర్ణయంతో పోతుంది. అది కూడా జాగా లేదన్న కారణంతో.

నిజానికి రియర్ ఫేసింగ్ సీటు అసలే పట్టని కార్లు చాలా తక్కువ. పట్టలేదంటే ఆ కారుకు నప్పని సీటు కొని ఉంటారు, లేదా మంచి సీటునే అవసరానికి మించి వాల్చి బిగించి ఉంటారు. ఈ రెండూ కొనేముందే చూసుకోవచ్చు.

ఎందుకింత పట్టుదల అంటే, పుట్టిన బిడ్డ ఒంటి పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. మెడలోని ఎముకలు పూర్తిగా గట్టిపడవు, వాటిని పట్టి ఉంచే కణజాలం సాగుతుంది. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డ విషయంలో ఎదురు నుంచి దెబ్బ తగిలితే పట్టీలు ఒంటిని ఆపుతాయి, తలను ఆపేది ఏదీ ఉండదు. ఆ లాగుడంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపుకి ఒరుగుతాయి, దెబ్బ ఒంటి మొత్తానికీ పంచుకుపోతుంది. ఈ ఆలోచన స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్‌ది. అంతరిక్ష నౌక పైకి లేచేటప్పుడు వ్యోమగాములు వీపు ఆన్చి కూర్చునే పద్ధతి చూసి ఆయనకు ఇది తట్టింది. 1964లో వోల్వో కారులో మొదటి నమూనాను పరీక్షించారు. ఆ దేశంలో నాలుగేళ్ల దాకా పిల్లలను వెనక్కి తిప్పే కూర్చోబెట్టడం మామూలు విషయం. ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం తయారైన సీట్లలో 15 నెలలు నిండే దాకా ముందుకు తిప్పకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో వయసు లెక్క తీసేసి, సీటు మీద రాసిన బరువు, ఎత్తు హద్దు వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. కాబట్టి 15 నెలలు అన్నది అంతకు ముందు తిప్పకూడదని చెప్పే గీత మాత్రమే. ఆ రోజు రాగానే తిప్పేయమని కాదు.

కొలవాల్సింది ముందు కారును

దుకాణంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ సీటు పక్కన పొడవు, వెడల్పు, ఎత్తు రాసి ఉంటాయి. ఆ పొడవు చూసి పడుతుందో లేదో తేల్చేస్తారు చాలామంది. అది నమ్మదగ్గ పద్ధతి కాదు. సీటు నేల మీద నిలబడి ఉన్నప్పటి కొలత వేరు, కారు కుషన్ మీద వాలి బిగిసినప్పుడు ఆక్రమించే జాగా వేరు. కారు కుషన్ వెనక్కి ఎంత పల్లంగా ఉంటే సీటు అంత వాలుతుంది. అందుకే ఒకే సీటు ఒక చిన్న కారులో హాయిగా కూర్చుని, అదే కొలతలున్న ఇంకో కారులో అస్సలు పట్టదు.

కారు దగ్గరకు టేపు పట్టుకుని వెళ్లండి. ముందు కూర్చునేవాళ్లు మామూలుగా కూర్చునే చోటికి సీటు జరిపి, అక్కడినుంచి ఇంకెంత ముందుకు జరిగినా ఇబ్బంది లేకుండా కూర్చోగలరో చూసి, ఆ రెండో చోట ఉంచండి. ఇప్పుడు వెనక సీటు వీపు నుంచి ముందు సీటు వెనక భాగం దాకా రెండు ఎత్తుల్లో కొలవండి: కుషన్ దగ్గర ఒకసారి, ముందు సీటు భుజాల ఎత్తులో ఒకసారి. రెండోది తప్పకుండా కొలవాలి. ముందు సీటు వీపు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పైకి పోయేకొద్దీ జాగా తగ్గుతుంది. పిల్లల సీటు పై అంచు వచ్చి తగిలేది సరిగ్గా అక్కడే.

ముందు సీటు వీపును కాస్త నిటారుగా చేయడం వల్ల వచ్చే లాభాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 60 సెంటీమీటర్ల వీపును 25 డిగ్రీల వాలు నుంచి 20కి తెస్తే, పై అంచు దగ్గర సుమారు 5 సెంటీమీటర్లు మిగులుతాయి. సీటును పట్టాల మీద ఒక్క మెట్టు కూడా ముందుకు జరపకుండానే. మోకాళ్లకు ఇబ్బంది లేకుండా జాగా సంపాదించే మొదటి దారి ఇదే. సీటు ఎత్తు పెంచే లివర్ ఉంటే రెండు మూడు సార్లు పైకి కొట్టి చూడండి. ఎత్తు పెరిగితే కాళ్లు కిందికి వంగుతాయి, మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి దూరమవుతాయి.

డ్రైవర్ సీటు విషయంలో మాత్రం ఒక హద్దు ఉంది. డ్రైవర్ ఛాతీకి, స్టీరింగ్ మధ్య భాగానికి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే దగ్గరైతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేగమే గాయం చేస్తుంది. బిడ్డ సీటు కోసమని డ్రైవర్‌ను స్టీరింగ్‌కి అతికించి కూర్చోబెట్టకూడదు.

తర్వాత కాళ్ల దగ్గర నేల చూడండి. కొన్ని కార్లలో వెనక కూర్చునేవాళ్ల పాదాల కింద సామాను పెట్టుకునే అర ఉంటుంది, పైన మూత ఉంటుంది. మ్యాట్ తీసి అరచేత్తో గట్టిగా నొక్కితే లోపల డొల్లగా శబ్దం వస్తుంది. అక్కడ సపోర్ట్ లెగ్ (సీటు కింద నుంచి కారు నేల మీదికి దిగే ఊత కాలు) ఉన్న సీటు పెట్టకూడదు. గుద్దుకున్నప్పుడు ఆ కాలు మీద పడే బరువుకి మూత విరిగి లోపలికి దిగిపోతుంది. కారు కంపెనీయే ఆ అరలో పెట్టడానికి గట్టి దిమ్మ ఇస్తే తప్ప, అలాంటి కారుకు సపోర్ట్ లెగ్ సీట్లన్నీ జాబితా నుంచి తీసేయాలి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

కారు మాన్యువల్‌లో చైల్డ్ సీట్ల గురించి ఒక పట్టిక ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు, కానీ చిన్న కారు ఉన్నవాళ్లకు అంతకంటే పనికొచ్చే పేజీ లేదు. వెనక్కి తిప్పే ఐసోఫిక్స్ సీట్ల (బెల్టు బదులు కారులోని లోహపు కడ్డీలకు తగిలించేవి) పరిమాణాలను అందులో ఆర్1, ఆర్2, ఆర్2ఎక్స్, ఆర్3 అని రాస్తారు. పాత మాన్యువల్స్‌లో ఇ, డి, సి అక్షరాలు కనిపిస్తాయి. ఆర్1 పసిపిల్లల చిన్న సీటు, ఆర్2 కాస్త కురచ చేసిన రియర్ ఫేసింగ్ సీటు, ఆర్3 నిండు సైజుది. మీ కారుకు ఆర్3 లేదని ఉంటే భారీ సీట్ల వైపు చూడనక్కర్లేదు. ఐ-సైజ్ అనేది ఆర్129 కిందే ఇచ్చే గుర్తు. ఆ గుర్తు ఉన్న సీటు, అదే గుర్తు ఉన్న కారు సీటులో పట్టేలా కొలతలు నిర్ణయించారు. అయితే ముందు సీటును కొంత ముందుకు జరిపాక పట్టినా అది పట్టినట్టే లెక్క. మీ ఇంట్లో ఆరడుగుల మనిషి ఆ ముందు సీటులో ఎలా కూర్చుంటాడన్నది ఆ గుర్తు చెప్పదు.

అసలు జాగా అంతా కోణంలో ఉంది

ఒక్క విషయం మాత్రమే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. సీటు వీపు 70 సెంటీమీటర్ల పొడవు ఉందనుకుందాం. నిలువు నుంచి 45 డిగ్రీలు వాలితే అది కారు పొడవున దాదాపు 49 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అదే 30 డిగ్రీలకు తెస్తే 35 సెంటీమీటర్లు చాలు. 14 సెంటీమీటర్ల తేడా! చిన్న కారులో ముందు కూర్చున్న మనిషి మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగలడానికీ తగలకపోవడానికీ మధ్య ఉండేది అంతే.

మరి 30 డిగ్రీలకే పెట్టేయొచ్చా అంటే, బిడ్డ వయసును బట్టి. పుట్టిన పిల్లలకు మెడ నిలవదు. సీటు మరీ నిటారుగా ఉంటే నిద్రలో తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. వాళ్లకు 45 డిగ్రీలకు దగ్గరగా వాలు కావాలి, అంతకంటే ఎక్కువ వాల్చకూడదు. మరీ పడుకోబెట్టినట్టు ఉంటే గుద్దుకున్నప్పుడు బిడ్డ సీటు వీపు మీదుగా పైకి జారుతుంది. మెడ బాగా నిలిచాక, సొంతంగా కూర్చోగలిగే వయసులో, సీటు మాన్యువల్ ఒప్పుకున్నంత మేర నిటారుగా చేయొచ్చు. నిటారుగా ఉంటే రక్షణ తగ్గదు సరికదా, పెద్ద పిల్లలకు బయట కనబడుతుంది, గొడవ చేయరు. ఆరు నెలల తర్వాత కూడా నెలల పిల్లల వాలులోనే ఉంచి "మా కారులో పట్టట్లేదు" అని బాధపడేవాళ్లు చాలామంది ఉంటారు. కోణం మార్చి చూడండి, ముందు సీటు వెనక్కి వస్తుంది.

కాబట్టి సీటు ఎంచుకునేటప్పుడు "ఎన్ని రిక్లైన్ (వాలు) మెట్లు ఉన్నాయి" అని అడగడం ఒక్కటే చాలదు. వెనక్కి తిప్పి ఉన్నప్పుడు వాటిలో ఎన్ని వాడొచ్చో అడగండి. ఐదు మెట్లు ఉన్నాయని రాసి, వెనక్కి తిప్పినప్పుడు ఒకటే పనిచేసే సీట్లు ఉంటాయి. ఆ ఒక్కటి పసిపిల్లల కోణమే అయితే, నాలుగేళ్ల దాకా అంతే జాగా తింటుంది. చాలా సీట్ల పక్కన ఒక గీత గానీ చిన్న బుడగ సూచీ గానీ ఉంటుంది. దాన్ని కారు చదునైన నేల మీద ఉన్నప్పుడే చూడాలి. వాలుగా ఉన్న పార్కింగ్‌లో చూస్తే అది చెప్పేది అబద్ధం.

కోణం కుదరకపోతే సీటు కింద చుట్టిన తువ్వాలు పెట్టడం కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఐసోఫిక్స్ బేస్ (కారులో విడిగా బిగించే అడుగు భాగం) మీద కూర్చునే సీట్లకు ఆ అవకాశం సాధారణంగా ఉండదు. మాన్యువల్‌లో ఆ మాట ఉంటేనే చేయండి.

రకాలు, వాటి మంచి చెడ్డలు

పసిపిల్లలను మోసుకెళ్లే హ్యాండిల్ ఉన్న బకెట్ సీటు చిన్న కారుకు మొదటి ఎంపిక అని అందరూ చెప్తారు. పొడవు తక్కువ, తేలిక, నిద్రపోతున్న బిడ్డను లేపకుండా లోపలికి తీసుకుపోవచ్చు. మొదటి ఏడాదికి నేనూ దీన్నే సమర్థిస్తాను. కానీ రెండు చోట్ల చిన్న కారు దీన్ని ఇబ్బంది పెడుతుంది. బేస్ లేకుండా బెల్టుతో బిగించే పద్ధతిలో నడుం బెల్టు బిడ్డ కాళ్ల మీదుగా, భుజం బెల్టు సీటు వీపు వెనక నుంచి చుట్టూ తిరిగి రావాలి. చిన్న కార్లలో కొన్నింటికి బెల్టు అంత పొడవు ఉండదు. పూర్తిగా బయటికి లాగాక కూడా నాలికను బకిల్ దాకా తేవడానికి నాలుగు వేళ్ల దూరం తక్కువ పడుతుంది. అప్పుడు బేస్ మంచిది, ఎందుకంటే బెల్టు బేస్ మీదుగా మాత్రమే పోతుంది, పొడవు సరిపోతుంది. రెండోది హ్యాండిల్. కారు కదిలేటప్పుడు హ్యాండిల్ ఏ స్థితిలో ఉండాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా చెప్తుంది. నిలబెట్టే ఉంచాలనే సీట్లలో ఆ హ్యాండిల్ ముందు సీటుకి తగలొచ్చు. కొలిచేటప్పుడు హ్యాండిల్‌ను కూడా సరైన స్థితిలో పెట్టి కొలవాలి.

ఇంకో మాట. బకెట్ సీటు బరువుతో కంటే ఎత్తుతో ముందు చాలకుండా పోతుంది. తల పై అంచు, సీటు పై అంచుకు దగ్గరగా రాగానే దాని పని అయిపోయినట్టే. ఆర్129 సీట్లలో ఎక్కువ భాగం 85, 87 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి, పొడవుగా పెరిగే పిల్లలు ఏడాదిన్నర లోపే అక్కడికి చేరతారు. కాళ్లు సీటు బయటికి వచ్చాయని మాత్రం మార్చనక్కర్లేదు. పిల్లలు మోకాళ్లు మడుచుకుని, బాసింపట్టు వేసుకుని సుఖంగానే కూర్చుంటారు. చూసే మనకే ఇరుగ్గా అనిపిస్తుంది.

పుట్టిన నాటి నుంచి నాలుగేళ్ల దాకా పనికొచ్చే కన్వర్టిబుల్ సీటు రెండో రకం. ఎక్కువగా 40 నుంచి 105 సెంటీమీటర్ల ఎత్తు పిల్లలకు. ఒక్కసారి కొంటే చాలనే ఆశ దీని బలం. చిన్న కారులో దీని కష్టకాలం మొదటి ఆరు నెలలే: పసిపిల్లల వాలులో ఇది అన్నింటికంటే ఎక్కువ పొడవు తింటుంది. ఆ తర్వాత నిటారుగా చేయగలిగే మోడల్ అయితే బకెట్ సీటు కంటే కూడా తక్కువ జాగాలో సర్దుకోగలదు. కాబట్టి బిడ్డ పుట్టబోతోందా, లేక ఏడాది నిండిందా అన్నదాన్ని బట్టి ఇదే సీటు చెడ్డదీ అవుతుంది, మంచిదీ అవుతుంది. ఏడాది బిడ్డ కోసం, చిన్న కారులోకి, నన్నడిగితే సన్నటి షెల్ (బిడ్డ కూర్చునే గట్టి ప్లాస్టిక్ తొట్టి), రియర్ ఫేసింగ్‌లో రెండు మూడు కోణాలు ఉన్న తిరగని కన్వర్టిబుల్ సీటే మొదట చూడమంటాను.

తిరిగే సీట్లు ఇప్పుడు అందరికీ నచ్చుతున్నాయి. తలుపు వైపు తిప్పి బిడ్డను కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, వెనక్కి తిప్పేయడం. నడుం నొప్పి ఉన్నవాళ్లకు, సిజేరియన్ అయిన తల్లులకు ఇది నిజమైన సాయం, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ కింద తిరిగే యంత్రం ఉండటం వల్ల బేస్ మందంగా ఉంటుంది, బిడ్డ ఎత్తులో కూర్చుంటుంది. ఎత్తులో కూర్చుంటే షెల్ పై అంచు ముందు సీటు వీపులో బాగా వెనక్కి వాలిన చోట తగులుతుంది. ఇంకా, తిప్పేటప్పుడు షెల్ మూల ఒక వలయం గీస్తుంది, ఆ వలయానికి ముందు సీటు అడ్డొస్తే ప్రతిసారీ ముందు సీటు జరపాలి. అలా జరిపే పని పడితే తిరిగే సీటు కొన్న ప్రయోజనమే పోయింది. తలుపు పై చట్రం కిందికి ఉన్న కార్లలో బిడ్డ తల అక్కడ తగలకుండా ఎత్తడం కూడా కష్టం. కాబట్టి కారులో పెట్టి, తిప్పి చూడకుండా తిరిగే సీటు కొనవద్దు. ఇంకో అపాయం ఉంది: ముందుకు తిప్పడం ఒక్క మీట నొక్కినంత సులువు కావడం. కొన్ని మోడల్స్‌లో 15 నెలల లోపు ముందుకు తిరగకుండా తాళం ఉంటుంది, అలాంటిదే ఎంచుకోండి.

నాలుగేళ్లు దాటి కూడా వెనక్కి తిప్పి ఉంచే భారీ సీట్లు స్వీడన్ పద్ధతివి. వీటిలో చాలావాటిని కారు బెల్టుతోనూ, ముందు సీటు పట్టాలకు కట్టే కింది పట్టీలతోనూ బిగిస్తారు. ముందు సీటుకి ఆన్చి నొక్కి పెట్టే పద్ధతి కూడా ఉంది. పెద్దగా కనిపిస్తాయి గానీ, నిటారుగా బిగించగలవు కాబట్టి కొన్ని చిన్న కార్లలో ఆశ్చర్యంగా పడతాయి. రెండేళ్ల బిడ్డకు కొనేవాళ్లు వీటిని చూడకుండా కొట్టేయవద్దు. పసిపిల్లలకు మాత్రం ఇవి తగవు.

ఐసోఫిక్సా, బెల్టా

రెండూ సరిగ్గా బిగిస్తే రెండూ మంచివే. ఐసోఫిక్స్‌లో తప్పు జరిగే అవకాశం తక్కువ. రెండు కొక్కేలు కారు కుషన్ సందులోని లోహపు కడ్డీలను పట్టుకుంటాయి, పచ్చ రంగు కనిపిస్తే పడ్డట్టు. అయితే ఆ కడ్డీల స్థానం మారదు కాబట్టి సీటు అటూ ఇటూ జరగదు, దాదాపు ఎప్పుడూ సపోర్ట్ లెగ్ కూడా తోడుంటుంది. బేస్ మందం, కాలు, వెనక సీటు వీపుకి ఆనే కడ్డీ అన్నీ కలిపి కొన్ని సెంటీమీటర్లు తింటాయి. ఐ-సైజ్ సీట్లకు సీటు, బిడ్డ కలిపి 33 కిలోల హద్దు కూడా ఉంది. సీటే 14, 15 కిలోలు ఉంటే బిడ్డకు మిగిలేది ఎంతో లెక్కేసుకోండి.

బెల్టుతో బిగించే సీటు సన్నగా ఉంటుంది, ఎక్కడైనా పెట్టొచ్చు, ఇంకో కారులోకి మార్చడం తేలిక. ప్రతిసారీ సరిగ్గా బిగించే ఓపిక కావాలి. బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని కదిపితే 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. పై అంచు పట్టుకుని ఊపి "కదులుతోంది" అనుకోకండి, వెనక్కి తిప్పిన సీటు అక్కడ కాస్త ఊగుతుంది, అది తప్పు కాదు. బకిల్ సంగతి కూడా చూడండి. కొన్ని కార్లలో బకిల్ కాడ పొడవుగా ఉండి, బకిల్ వచ్చి సీటు ప్లాస్టిక్ అంచు మీద అడ్డంగా వాలుతుంది. బెల్టు లాగినకొద్దీ బకిల్ ఆ అంచు మీద వంగి నలుగుతుంది. దెబ్బ తగిలినప్పుడు అక్కడే విరగొచ్చు లేదా ఊడొచ్చు. అలా ఉంటే ఆ సీటు, ఆ స్థానం రెండూ కలిసి పనికిరావు, ఇంకో చోట పెట్టి చూడాలి.

కారులో ఏ మూల

మధ్యలో పెడితే షెల్ పై భాగం రెండు ముందు సీట్ల సందులోకి వస్తుంది, ముందు ఇద్దరికీ కాళ్ల జాగా మిగులుతుంది. పక్క నుంచి వచ్చే దెబ్బకు కూడా అదే దూరమైన చోటు. చిన్న కారుకు ఇంతకంటే మంచి మూల లేదు, కుదిరితే. కుదరకపోవడానికి మూడు కారణాలు ఉంటాయి: మధ్యలో ఐసోఫిక్స్ కడ్డీలు లేకపోవడం, నడుం బెల్టు మాత్రమే ఉండటం, కుషన్ మధ్యలో ఎత్తుగా ఉండి సీటు పక్కకి ఒరగడం. పక్క సీట్లకున్న కడ్డీల్లో చెరొకటి తీసుకుని మధ్యలో తగిలించడం, కారు కంపెనీ స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, చేయకూడదు.

మధ్య కుదరకపోతే ముందు పక్కన కూర్చునే మనిషి వెనక. డ్రైవర్‌కు సీటు సర్దుబాటులో స్వేచ్ఛ తక్కువ, పక్క మనిషికి ఎక్కువ. నడిపేవాళ్లు పొట్టిగా, పక్కన కూర్చునేవాళ్లు పొడవుగా ఉన్న ఇళ్లలో మాత్రం డ్రైవర్ వెనకే సరైన చోటు అవుతుంది. ఇద్దరూ మార్చి మార్చి నడిపేటట్లయితే పొడవైన మనిషి డ్రైవింగ్ సీటులో ఉన్నప్పుడు కొలవండి.

ముందు సీటులో పెట్టొచ్చా అని అడుగుతారు. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తూ ఉంటే ఎన్నటికీ వద్దు. అది తెరుచుకునేటప్పుడు తగిలేది నేరుగా బిడ్డ తల వెనక ఉన్న షెల్‌కే, ప్రాణం పోతుంది. తాళం చెవితో గానీ స్విచ్‌తో గానీ ఎయిర్‌బ్యాగ్ ఆపగలిగి, ఆపినట్టు డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి, కారు మాన్యువల్, సీటు మాన్యువల్, చట్టం మూడూ ఒప్పుకుంటే పెట్టొచ్చు. అప్పుడు కూడా ఆ సీటులో పెద్దవాళ్లు కూర్చునే ముందు ఎయిర్‌బ్యాగ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకూడదు. నా మట్టుకు నేను వెనక ఏ మూలా కుదరకపోతేనే దీని గురించి ఆలోచిస్తాను.

పిల్లల సీటు ముందు సీటుకి తగలొచ్చా అన్నదానికి ఒకే జవాబు లేదు. కొన్ని కంపెనీలు అసలు తగలకూడదంటాయి, కొన్ని ఆనుకుంటే ఫర్వాలేదంటాయి, కొన్ని గట్టిగా నొక్కి ఆన్చమంటాయి. కొన్ని కార్లలో ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సర్లు ఉంటాయి కాబట్టి ఆ కారు కంపెనీ నొక్కి పెట్టడానికి ఒప్పుకోదు. రెండు మాన్యువల్స్‌లో ఏది కఠినంగా చెప్తే అదే పాటించాలి. ఇంత చిన్న విషయమే చిన్న కారులో నాలుగైదు సెంటీమీటర్ల తేడా తెస్తుంది, అందుకే కొనేముందే ఆ పేజీ చదవండి.

మీ ఇంటికి ఏది

బిడ్డ ఇంకా పుట్టలేదు, ముందు కూర్చునేవాళ్లు పొడవు: బేస్‌తో వచ్చే బకెట్ సీటు, ఏడాది దాటాక నిటారుగా బిగించగల కన్వర్టిబుల్. రెండు సార్లు ఖర్చు అవుతుంది, నిజమే. కానీ ఒక్క సీటుతో సరిపెట్టాలని మొదట్లోనే పెద్దది కొని, పట్టక, ఏడాదికే ముందుకు తిప్పే ఇళ్లకంటే ఈ దారి మేలు.

ముందు పక్క సీటులో ఎప్పుడో గానీ ఎవరూ కూర్చోరంటే మీకు అసలు సమస్యే లేదు. ఆ సీటు పూర్తిగా ముందుకు జరిపి, దాని వెనక ఏ మంచి కన్వర్టిబుల్ సీటైనా పెట్టుకోవచ్చు.

బిడ్డకు ఏడాదిన్నర దాటి, మీ కారులో నేల కింద అర ఉంటే, సపోర్ట్ లెగ్ లేని బెల్టు సీటు. వెనక ఇంకో ఇద్దరు కూర్చోవాలంటే షెల్ వెడల్పు చూడాలి, పొడవు కాదు. ఐసోఫిక్స్ కడ్డీలు సీటును కదలనివ్వవు కాబట్టి అక్కడా బెల్టు సీటే నయం. రెండు ఇళ్లలో రెండు కార్లు మారేవాళ్లు ఇరుకైన కారును లెక్కలోకి తీసుకుని కొనాలి. ఇంకో కారులో సాధారణంగా పడుతుంది, అయినా పెట్టి చూడండి.

నెలలు నిండకుండా పుట్టిన, బరువు తక్కువ ఉన్న పిల్లల విషయంలో సీటు హద్దు ఎన్ని కిలోల నుంచి మొదలవుతుందో చూసి, ఆస్పత్రి నుంచి బయల్దేరే ముందే డాక్టరును అడగండి. వీళ్లకు వాలు కోణం మిగతావాళ్లకంటే చాలా ముఖ్యం, జాగా కోసం ఒక్క డిగ్రీ కూడా తగ్గించకూడదు.

వాడిన సీటు తీసుకుంటే, అది ప్రమాదంలో పడిందో లేదో మీకు కచ్చితంగా తెలిసిన మనిషి దగ్గరే తీసుకోండి. సీటు మీద తయారైన సంవత్సరం, ఆమోద చిహ్నం ఉండాలి. ఆర్129 కంటే ముందున్న ఆర్44 నిబంధన కింద చేసిన పాత సీట్లు 9 కిలోలకే ముందుకు తిప్పడానికి ఒప్పుకుంటాయి. ఒప్పుకుంటాయి కదా అని తిప్పనక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా కారులో పెట్టి చూశాకే డబ్బు కట్టండి. ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువు చూసుకుని, పెట్టె, అట్టలు చింపకుండా ఉంచండి. చదునైన చోట కారు ఆపి, బిడ్డ వయసుకు కావాల్సిన కోణంలో బిగించి, ముందు సీటులో ఇంట్లోని పొడవైన మనిషిని కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి, వెంటనే "సరిపోయింది" అనే మాట నమ్మకండి. తర్వాత బిడ్డను కూర్చోబెట్టి, పట్టీలు భుజాలకు సమంగా గానీ కాస్త కింద నుంచి గానీ వస్తున్నాయో చూడండి. భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూస్తే మడత పట్టకూడదు. స్వెట్టర్, కోటు లాంటి మందపు బట్టలు పట్టీల కింద ఉండకూడదు. చలిగా ఉంటే దుప్పటి పట్టీల పైన కప్పండి.

బెల్టుతో బిగించిన సీటు అయితే నాలుగు రోజులు తిరిగాక మళ్లీ ఒకసారి పట్టుకుని కదిపి చూడాలి. కారు కుషన్ అణిగేకొద్దీ బెల్టు వదులవుతుంది. వదులైందనిపిస్తే బకిల్ తీసి, మోకాలితో సీటును కుషన్‌లోకి నొక్కి పట్టి, బెల్టులో మిగిలిన వదులంతా లాగి మళ్లీ బిగించండి. బిడ్డ పెరిగి కోణం మార్చిన ప్రతిసారీ ఇదే మళ్లీ చేయాలి.